45 మంది, 40 నిమిషాలు, వాటర్ కలర్స్: గంట కొట్టేసరికి అన్నీ బురద రంగే ఎందుకు?

కొత్త_కుంచె (ప్రశ్న)

ఆరు, ఏడు తరగతుల ఆర్ట్ పీరియడ్ గురించి అడుగుతున్నాను. సెక్షన్‌కు 45 మంది. వారానికి ఒకటే పీరియడ్, అదీ 40 నిమిషాలు. గదిలో ఒకే కుళాయి. పెన్సిల్ పని ఫర్వాలేదు, నడిచిపోతుంది. వాటర్ కలర్స్ బయటికి తీస్తేనే అంతా చెడుతోంది.

– ఏ రంగులు కలిపినా కాసేపటికి బూడిదో గోధుమో తేలని బురద.
– కాగితం తడవగానే పడవలా లేస్తుంది. రబ్బరుతో చెరిపిన చోట రంగు ముదురు మచ్చ కడుతుంది.
– పంచడం, కడగడం, తుడవడం. సగం పీరియడ్ వీటికే.
– పది పన్నెండు మంది "నాకు రాదు" అని కాగితం ఖాళీగా పెట్టుకుని కూర్చుంటారు, లేదా పక్కవాళ్ల చేత గీయించుకుంటారు.
– చివరికి మార్కులు. బాగా గీసేవాళ్లకే ఎక్కువ వేస్తే మిగతావాళ్లు ఈ సబ్జెక్టు మనది కాదనుకుంటారు.

"పిల్లల్ని స్వేచ్ఛగా వదిలేయండి" లాంటి సలహాలు వద్దండీ. రేపు క్లాసులో చేయగలిగినవి చెప్పండి.

---

రంగులపెట్టె

రంగు, కాగితం ఈ రెండింటి వరకు నేను చెబుతాను. మిగతావి ఇంకెవరైనా అందుకోండి.

బురదకు మూడు కారణాలుంటాయి. మూడూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి దేనివల్ల చెడిందో తెలియదు.

మొదటిది నీళ్లు. ఒకే మగ్గులో ఎరుపు, నీలం, పసుపు కడిగాక ఆ నీళ్లే ఒక రంగు. ఆ నీళ్లతో తడిసిన బ్రష్ పసుపు బిళ్లను ముట్టుకుందంటే ఆ బిళ్ల ఇక పసుపు కాదు. గ్రూపుకు రెండు మగ్గులు పెట్టండి. ఒకటి మురికి వదిలించడానికి, రెండోది జాడించడానికి. రెండో మగ్గులో నీళ్లు రంగు తిరిగితే మార్చేయాలి. మగ్గులో మూడో వంతుకు మించి పోయొద్దు. నిండా పోస్తే బ్రష్ పిడి దాకా తడుస్తుంది, ఆ నీరు జారి కాగితం మీద చుక్కలవుతుంది. అన్నిటికంటే ముఖ్యం: జాడించిన ప్రతిసారీ బ్రష్‌ను పాత నూలు గుడ్డ మీద ఒత్తాలి. సగం బురద ఈ గుడ్డ లేకపోవడం వల్లే వస్తుందని నా లెక్క. బ్రష్ కడుపులో మిగిలిన నీళ్లకు ఎవరూ లెక్క కట్టరు.

రెండోది ఏ నీలం, ఏ పసుపు అన్నది. పెట్టె మీద "నీలం" అని ఉంటే సరిపోదు. అల్ట్రామరైన్ ఎరుపు వైపు మొగ్గే నీలం. ప్రష్యన్ బ్లూ, థాలో బ్లూ ఆకుపచ్చ వైపు మొగ్గుతాయి. లెమన్ ఎల్లో ఆకుపచ్చ వైపు, ముదురు పసుపు నారింజ వైపు. ఎరుపుల్లో క్రిమ్సన్ నీలం వైపు, వర్మిలియన్ నారింజ వైపు. కళకళలాడే ఆకుపచ్చ కావాలంటే ప్రష్యన్, లెమన్ కలపాలి. అల్ట్రామరైన్‌కు ముదురు పసుపు కలిపితే రెండింట్లో దాగిన ఎరుపు వచ్చి చేరుతుంది, ఆకుపచ్చ మసకబారుతుంది. ఊదాకు క్రిమ్సన్, అల్ట్రామరైన్. వర్మిలియన్‌తో ఊదా చేయబోతే గోధుమ రంగే వస్తుంది, అందులో పిల్లల తప్పేమీ లేదు. ఎరుపు, పసుపు, నీలం మూడూ ఒక చోట చేరితే ఒకటి వదిలిన వెలుగును ఇంకొకటి మింగుతుంది. బురద అంటే అదే.

మూడోది ఆరకముందే మళ్లీ రుద్దడం. తడి ఉన్న పూత మీద బ్రష్ అటూ ఇటూ ఆడిస్తే కింది రంగు లేచి పై రంగులో కలుస్తుంది. సగం ఆరిన పూత మీద నీటి చుక్క పడితే అంచులు ముడతలు పడిన పువ్వులా మరక వస్తుంది. ఆరిందా లేదా అని కంటితో చూస్తే తెలియదు. వేళ్ల వెనక భాగం ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

అందుకే మొదటి రెండు పీరియడ్లు పెట్టె మొత్తం ఇవ్వొద్దు. ప్రష్యన్, లెమన్, రెండే రంగులు. కాగితం మీద 3 సెంటీమీటర్ల గళ్లు ఏడు. ఒక చివర పసుపు, ఇంకో చివర నీలం, మధ్య ఐదూ మెట్లు. ఎప్పుడూ లేత రంగుతో మొదలుపెట్టి ముదురును చేర్చాలి. చిటికెన వేలి గోరంత పసుపుకు అగ్గిపుల్ల తలంత నీలం చాలు. ప్రష్యన్ బలం అలాంటిది. తిరగేసి నీలంలో పసుపు కలపబోతే ట్యూబ్ అంతా పిండినా నీలం నీలంగానే ఉంటుంది. రంగు వృథా కావడానికి ఇదే పెద్ద కారణం.

నల్ల రంగు పెట్టెలోంచి తీసి దాచేయండి. ముదురు కావాలన్నవాళ్లకు అల్ట్రామరైన్, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలపమనండి. దాదాపు నలుపు వస్తుంది, చచ్చిన నలుపు కాదు. తెలుపు కూడా అక్కర్లేదు, కాగితమే తెలుపు. అది ఎక్కడ వదిలేయాలో ముందే పెన్సిల్‌తో చిన్నగా గుర్తు పెట్టించండి. వాటర్ కలర్ ఆరాక ఒక ఛాయ తేలిపోతుందని కూడా చెప్పాలి, లేకపోతే తడిలో చూసి "చాలు" అనుకుని ఆపేస్తారు.

ఇక కాగితం. ప్రింటర్లలో వాడే 70, 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు) కాగితం మీద నీటి రంగులు వేయించడం కాగితాన్నీ పిల్లల్నీ ఇద్దర్నీ హింసించడమే. కాగితంలోని నారలు నీళ్లు తాగి ఉబ్బుతాయి, తడిసిన చోట సాగి, పొడిగా ఉన్న చోట సాగక మధ్యలో లేస్తుంది. కనీసం 150 జీఎస్‌ఎం కార్ట్రిడ్జ్ (మందపాటి డ్రాయింగ్ కాగితం), వీలైతే 200. 300 అయితే టేప్ లేకుండానే చాలావరకు నిలబడుతుంది, కానీ 45 మందికి ఆ ఖర్చు అనవసరం. 150 కాగితానికి నాలుగు వైపులా మాస్కింగ్ టేప్ వేసి అట్టకు బిగించండి. తడిలో కొంచెం లేచినా ఆరేటప్పుడు టేప్ పట్టి లాగుతుంది, సాపు అవుతుంది. ఆరకముందే టేప్ పీకితే మాత్రం మళ్లీ పడవే.

రబ్బరు మచ్చల సంగతి: కాగితం నీటిని వెంటనే పీల్చుకోకుండా దాని మీద జిగురు పూత ఉంటుంది. గట్టిగా రుద్దితే ఆ పూత పోతుంది, ఆ చోట రంగు లోపలికి దిగి ముదురుగా కనిపిస్తుంది. కాబట్టి రంగు వేసే బొమ్మకు హెచ్‌బీ పెన్సిల్‌తో తేలిక గీతలు, రబ్బరు బెంచీ మీదే ఉండకూడదు. తప్పు గీత ఉంటే ఉండనివ్వండి. 2హెచ్ లాంటి గట్టి పెన్సిల్ ఇంకా ప్రమాదం, గాడి పడి రంగు అందులో చేరుతుంది.

---

పీరియడ్_గంట

రంగులపెట్టె గారు చెప్పింది నిజమే కానీ అదంతా జరగాలంటే ముందు గది నడవాలి. నా మటుకు ఇది రంగుల సమస్య కంటే రవాణా సమస్య.

ముందుగా కాగితం సైజు తగ్గించండి. ఏ4 వద్దు, అందులో సగం, అంటే ఏ5 చాలు. కారణం చెబుతాను. 45 ఏ4 బొమ్మలు ఆరబెట్టాలంటే 2.8 చదరపు మీటర్ల చోటు కావాలి. ఏ5 అయితే 1.4, అంటే ఒక పెద్ద బల్ల. తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీస్తే రంగు కిందికి కారుతుంది, పడుకోబెట్టి ఆరబెట్టాల్సిందే. పైగా పనికి మిగిలే 22 నిమిషాల్లో ఏ4ను నింపడం పదకొండేళ్ల పిల్లలకు సాధ్యం కాదు. సగం వేసిన బొమ్మ వచ్చే వారానికి ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. పేరు, సెక్షన్ వెనక వైపు పెన్సిల్‌తో ముందే రాయించండి, స్కెచ్ పెన్నుతో రాస్తే తడికి ముందుకు దిగుతుంది.

ఐదుగురికి ఒక ట్రే. తొమ్మిది ట్రేలు. ట్రేలో మగ్గులు 2, గుండ్రటి 8 నంబర్ బ్రష్‌లు 5, 4 నంబర్ బ్రష్‌లు 2 (సన్నపనికి అందరికీ అక్కర్లేదు, వంతులు), గుడ్డ ముక్కలు 3, రంగు కలపడానికి తెల్ల ప్లాస్టిక్ మూతలు 5. ట్రే అడుగున ఇదంతా రాసి అంటించండి, ఎన్ని వెళ్లాయో అన్నీ వెనక్కి వచ్చాయో లేదో లీడరే చూసుకుంటాడు.

కుళాయి దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు. ఇదొక్కటే గట్టి నియమం. రెండు బకెట్లు: ఒకటి మంచినీళ్లది, ఒకటి మురికిది. 300 మిల్లీలీటర్ల మగ్గులో మూడో వంతు అంటే 100. పద్దెనిమిది మగ్గులకు 1.8 లీటర్లు, మధ్యలో ఒకసారి మార్చినా 3.6. పది లీటర్ల బకెట్ ఒకటి బోలెడు. మగ్గు మార్చే పని లీడర్‌ది మాత్రమే.

నిమిషాలు:
0–3 ట్రేలు పంచడం
3–9 మీరు చేసి చూపించడం
9–31 పిల్లల పని
31–38 సర్దడం
38–40 రెండు బొమ్మలు పైకెత్తి చూడటం

టేప్ వేయడం ఇందులో లేదు చూడండి. అది ముందు వారం పెన్సిల్ పీరియడ్ చివర్లో అయిపోవాలి. పెన్సిల్ బొమ్మ, టేప్ ఒక వారం, రంగు మరుసటి వారం.

చూపించడంలో చాలామంది చేసే పొరపాటు బొమ్మ పూర్తి చేసేయడం. పూర్తి చేస్తే 45 నకళ్లు వస్తాయి. ఒక్క మెట్టు చూపించండి. ఆకాశం పూత ఎలా వేయాలో అంటే అంతే: అట్టను ఒక వైపు పుస్తకమంత ఎత్తు లేపి, బ్రష్ నిండా రంగు తీసుకుని ఎడమ నుంచి కుడికి ఒక గీత, కింది అంచున చేరిన నీటి పూసను పట్టుకుంటూ రెండో గీత, చివరి పూసను పిండిన బ్రష్‌తో తీసేయడం. తర్వాత మీ కాగితం బోర్లించేయండి. అది బల్ల మీద కనిపిస్తూ ఉన్నంతసేపు పిల్లలు తమ కాగితం చూడరు.

31వ నిమిషానికి ఆపడం కష్టం, మీకే మనసొప్పదు. ఆపాలి. 27కే "ఇంకో నాలుగు నిమిషాలు, కొత్త రంగు కలపొద్దు" అని చెబితే తేలిక.

---

గీతలమాస్టారు

"నాకు రాదు" గురించి.

ఇది సోమరితనం కాదు, వయసు. పిల్లల బొమ్మల ఎదుగుదలను దశలుగా విడదీసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ సుమారు 9 నుంచి 12 ఏళ్ల మధ్య కాలాన్ని వాస్తవికత తొంగిచూసే దశగా పెట్టాడు. అంతకుముందు చెట్టంటే ఒక గుర్తు: కింద కర్ర, పైన మబ్బు. ఈ వయసులో కన్ను ముందుకు పోతుంది, చేయి వెనకబడుతుంది. తను గీసింది తప్పని పిల్లకు తెలుస్తుంది, ఎక్కడ తప్పో తెలియదు. మీ ఆరో తరగతి సరిగ్గా అక్కడుంది. ఆ సమయంలో "బాగుంది నాన్నా" అంటే నమ్మరు. ఎక్కడ తప్పో చూసే పద్ధతి ఇస్తే మాత్రం పట్టుకుంటారు.

చేయాల్సినవి:

ముందుగా అందరికీ చెడిపోయే పని ఒకటి పెట్టండి. 15 సెంటీమీటర్ల చదరపు అట్ట మధ్యలో చిల్లు చేసి పెన్సిల్ దూర్చి పట్టుకోవాలి, అప్పుడు కాగితం కనిపించదు. ఎడమ చేతి వేళ్లను చూస్తూ, కన్ను అంచు వెంట ఎంత మెల్లగా జరిగితే పెన్సిల్ అంత మెల్లగా. ఐదు నిమిషాలు. (ఎడమచేతి వాటం వాళ్లు కుడి చేతిని గీస్తారు.) వచ్చేది ఎలాగూ వికారంగానే ఉంటుంది, బాగా గీసేవాడిదీ అంతే. గోళ్ల దగ్గర ముడతలు మాత్రం ఎప్పుడూ లేనంత నిజంగా వస్తాయి. "ఈ ముడత ఇంతకుముందు ఎవరైనా గీశారా?" అని అడగండి.

రెండోది ఖాళీలు గీయడం. బల్ల మీద కుర్చీ తలకిందులుగా పెట్టి, కుర్చీని వదిలేసి కాళ్ల మధ్య కనిపించే ఖాళీల ఆకారాలు గీయమనండి. కుర్చీ ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు, ఆ తెలియడమే అడ్డు. ఆ ఖాళీ ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు కాబట్టి చూసి తీరాలి.

మూడోది కొలత. చేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలితో కొలవడం. మోచేయి కొంచెం వంగినా కొలత మారుతుంది, తొంభై శాతం గోల అక్కడే. తలకాయ గీసేటప్పుడు కళ్లు పైనెక్కడో పెడతారు. పక్కవాళ్ల తల మాడు నుంచి గడ్డం దాకా కొలిపించండి, కళ్లు దాదాపు సరిగ్గా మధ్యలో ఉంటాయి. జుట్టును నుదుట్లో లెక్కేయకపోవడం వల్ల వచ్చే పొరపాటు అది. గ్లాసు మూతి గీస్తే రెండు చివర్లూ కోసుగా వస్తాయి. కోసు ఉండదు, అక్కడ కూడా వంపే. గ్లాసు అడుగు గీత బల్లకు సమాంతరంగా తిన్నగా వేస్తారు, అది మూతి కంటే ఎక్కువ వంపు తిరగాలి, ఎందుకంటే కంటికి అది ఇంకా కిందుంది.

పిల్లల కాగితం మీద మీరు గీత పెట్టకండి. ఒక్కసారి పెట్టారంటే ఆ బొమ్మ ఇక మీది. చూపించాల్సి వస్తే పక్కన చిత్తు కాగితం మీద, లేదా పైన ట్రేసింగ్ పేపర్ పరిచి దాని మీద. పక్కవాళ్ల చేత గీయించుకోవడం కూడా దీంతోనే తగ్గుతుంది, ఆ అలవాటు నేర్పేది చాలాసార్లు మనమే.

నమూనా బొమ్మ బోర్డు మీద వేసి దింపమనడం మానేయండి. గీత వస్తుంది, చూపు రాదు.

---

నకలు_తప్పుకాదు

చివరి మాట ఒప్పుకోలేను మాస్టారూ. ఏ చేతిపనైనా శతాబ్దాల తరబడి నకలు తీస్తూనే నేర్చుకున్నారు. తప్పు నకలులో లేదు, ఏం చూడాలో చెప్పకుండా నకలు ఇవ్వడంలో ఉంది. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన పెద్ద అల బొమ్మ చూపించి "వేయండి" అంటే వ్యర్థం. "నురగ అంచుల్లో ఎన్ని రకాల వంపులున్నాయో ఐదు తీసి గీయండి" అంటే పాఠం. ముక్క చాలు, మొత్తం బొమ్మ అక్కర్లేదు. 8 సెంటీమీటర్ల చదరపు కిటికీ కోసిన అట్ట ఇచ్చి, అందులో కనిపించినంతే దింపమనండి.

---

గీతలమాస్టారు

అలాగైతే సరే. నేను అన్నది బోర్డు మీద కొండ, ఇల్లు, కొబ్బరిచెట్టు తరహా నకలు గురించి. ముక్క, పైగా ప్రశ్న ఉన్న ముక్క అయితే అది చూపే.

---

కొత్త_కుంచె

చాలా ఉపయోగపడ్డాయి, అందరికీ ధన్యవాదాలు. ఏ5 సంగతి అసలు తట్టలేదు. ఇంకో మూడు. (1) ఆకులకు గోధుమ, నేలకు ఆకుపచ్చ వేసేవాళ్లు ఉంటే అది అజాగ్రత్తేనా? (2) మార్కుల గురించి ఎవరూ చెప్పలేదు. (3) ఏడాది చివర ప్రదర్శనకు "బాగున్నవి పది ఎంచండి" అంటారు. మిగతా 35 మంది?

---

చూపు_రంగు

(1) వెంటనే తప్పు అనకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని చూపు మగపిల్లల్లో ఎక్కువ, ఆడపిల్లల్లో చాలా అరుదు. 45 మందిలో ఒకరిద్దరు ఉండటం వింతేమీ కాదు. వాళ్లకు ఆలివ్, గోధుమ ఒకేలా, ఊదా, నీలం ఒకేలా అనిపించొచ్చు. నలుగురి ముందు "ఇదేం రంగు?" అని పరీక్షించొద్దు. ట్యూబ్‌లకు, బిళ్లల పక్కన రంగు పేరు రాసి అంటించండి, అందరికీ. పెట్టెలో బిళ్లల వరస మారకుండా చూడండి, చాలామంది ఆ వరసనే గుర్తుపెట్టుకుని నెట్టుకొస్తారు. అనుమానం ఉంటే ఇంట్లోవాళ్లకు విడిగా చెప్పి కంటి డాక్టర్‌కు చూపించమనాలి. లేతా ముదురూ వాళ్లకు బాగానే తెలుస్తాయి కాబట్టి ఒకే రంగు ఛాయలతో చేసే బొమ్మల్లో ఏ మాత్రం వెనకబడరు.

(2) ఒక్కో పనికి 20 మార్కులు, నాలుగు భాగాలు, ఐదేసి. ఆ పీరియడ్‌లో నేర్పిన మెళకువ కనిపించిందా; కనీసం రెండు ప్రయత్నాలు చేశాడా (చిత్తు, రంగు మెట్లు, చిన్న నమూనా); తన ఆలోచన ఏదైనా ఉందా; మొదలుపెట్టింది ముగించాడా. "అందం" అనే గడి లేదు. ఈ నాలుగూ పని మొదలుకాకముందే బోర్డు మీద ఉండాలి. బొమ్మ చివర్లో చూసి వేస్తే ప్రయత్నం కనిపించదు కాబట్టి ఒక్కో పీరియడ్‌లో ఎనిమిది మందిని మాత్రమే దగ్గరుండి గమనించి రెండేసి ముక్కలు రాసుకోండి. ఆరు పీరియడ్లలో సెక్షన్ మొత్తం అవుతుంది. మిగతా 37 మందిని ఆ రోజు చూడలేదని బాధపడొద్దు, అందరినీ చూడబోతే ఎవరినీ చూడనట్టే.

చిత్తు కాగితాలు పారేయనివ్వకండి. మార్కు ఎందుకు తగ్గిందని ఎవరైనా అడిగితే చూపించడానికి ఉన్నవి అవే.

---

మట్టిచేతులు

నీళ్లు రాని రోజు, పీరియడ్ 30 నిమిషాలకు కుదించిన రోజు ఎలాగూ వస్తుంది. అప్పటికి ఒకటి రెండు సిద్ధంగా పెట్టుకోండి. రంగు కాగితాల కత్తిరింపులు అన్నిటికంటే సుఖం. ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ చివరి ఏళ్లలో రంగు పూసిన కాగితాల్ని కత్తిరించి పెద్ద పెద్ద పనులు చేశాడు, పిల్లలకు చెబితే "కత్తెరతో కూడా బొమ్మ వేస్తారా" అని ఆశ్చర్యపోతారు. ఇంకోటి: ఒకే బూడిద రంగు కాగితంలోంచి 2 సెంటీమీటర్ల చదరాలు రెండు కోసి, ఒకటి నల్ల కాగితం మీద, ఒకటి తెల్ల కాగితం మీద అంటించండి. నలుపు మీదది లేతగా, తెలుపు మీదది ముదురుగా కనిపిస్తుంది. రెండూ ఒకటే ముక్కంటే నమ్మరు, పీకి చూస్తారు. పీకి చూడనివ్వండి. పక్క రంగు ఈ రంగును మారుస్తుందన్న ఈ సంగతినే షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లో పుస్తకంగా రాశాడు.

మట్టి పెట్టుకుంటే మూడు జాగ్రత్తలు. ముక్కల్ని ఊరికే అతికిస్తే ఆరాక ఊడతాయి: రెండు వైపులా పుల్లతో అడ్డదిడ్డంగా గీతలు గీకి, మట్టినే నీళ్లలో చిక్కగా కలిపి రాసి, నొక్కి అతికించాలి. సన్నటి చెవులు, తోకలు మొద్దు ఒంటి కంటే ముందు ఆరి పగులుతాయి, కాబట్టి రెండు రోజులు ప్లాస్టిక్ కవర్ కప్పి మెల్లగా ఆరనివ్వాలి. మట్టి చేతులు సింకులో కడిగితే పైపు మూసుకుపోతుంది: బకెట్‌లో కడిగించి, మట్టి అడుగుకు దిగాక పై నీళ్లు పారబోయండి. గది చీపురుతో ఊడ్వకండి, తడి గుడ్డతో తుడవండి. ఆరిన మట్టి ధూళిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

స్ప్రే ఫిక్సేటివ్ (బొమ్మ చెరగకుండా పైన కొట్టేది), థిన్నర్ క్లాసులోకి రానివ్వద్దు. ఆయిల్ పాస్టెల్ పూర్తిగా ఎప్పటికీ ఆరదు, బొమ్మల మధ్య కాగితం పెట్టి దాచాలి.

---

పీరియడ్_గంట

(3)కి: పది ఎంచడం మానేసి 45 పెట్టేయండి. ఏ5 అడ్డంగా, వరసకు తొమ్మిది, ఐదు వరసలు, మధ్య 2 సెంటీమీటర్ల సందు. మొత్తం వెడల్పు 205 సెంటీమీటర్లు, ఎత్తు 82. అంతే, ఒక తలుపు పొడవంత చోటు. అన్నీ ఒకే సైజు, ఒకే తెల్ల అంచు (టేప్ వదిలిన అంచే) కాబట్టి దూరం నుంచి చూస్తే ఒకే పెద్ద బొమ్మలా ఉంటుంది, విడిగా బలహీనమైనవి కూడా అందులో నిలబడతాయి. మధ్య వరస పిల్లల కంటి ఎత్తులో ఉండాలి, పెద్దలు వంగి చూస్తారు. నేరుగా ఎండ పడే కిటికీ ఎదురు గోడ వద్దు, స్కెచ్ పెన్నుల రంగు, చవక క్రిమ్సన్ తొందరగా వెలిసిపోతాయి.

పక్కనే మొదటి వారం గీసిన చేయి, ఇరవయ్యో వారం గీసిన చేయి ఒక ఐదారు జతలు పెట్టండి. పేర్లు లేకుండా. పిల్లల్లో అడిగి, ఒప్పుకున్నవాళ్లవే.

---

గీతలమాస్టారు

ఆ జతలు గోడ కంటే ముందు మీకోసం పెట్టుకోండి. ఏడాది మధ్యలో ఏమీ కదలట్లేదనిపిస్తుంది, అప్పుడు తీసి చూసుకోవాలి. ఇంకొన్ని ఆనవాళ్లు ఉంటాయి, రిజిస్టర్‌లో ఎక్కవు కానీ గదిలో కనిపిస్తాయి. "ఆకుపచ్చ ఇవ్వండి" అనే పిల్ల "ఏ నీలంతో కలపాలి?" అంటుంది. రబ్బరు అడగడం తగ్గుతుంది. బొమ్మ కంటే వస్తువును చూసే సమయం పెరుగుతుంది, ఇది దూరం నుంచే తెలిసిపోతుంది, తలలు పైకీ కిందికీ ఆడుతుంటాయి. 20వ నిమిషం దగ్గర గది దానంతటదే సద్దుమణుగుతుంది, మీరు ఒక్క మాట అనకుండా. ఈ పనిలో దొరికే జీతం కాని జీతం అదే, కాబట్టి ఆ మూడు నాలుగు నిమిషాల్లో అటెండెన్స్ తీసుకోకండి.

---

కొత్త_కుంచె

ఒక్క చిన్న సందేహం, దీంతో ఆపేస్తాను. టేప్ తీసేటప్పుడు కాగితం అంచు పొరలుగా చిరిగి వస్తోంది.

---

రంగులపెట్టె

రెండు పనులు. వేసేటప్పుడు టేప్‌ను ముందు బట్టకు ఒకసారి అంటించి పీకండి, జిగురు కొంచెం చస్తుంది. తీసేటప్పుడు కాగితం పూర్తిగా ఆరాకే, పైకి కాదు, టేప్‌ను దాని మీదికే మడిచినట్టు చేసి బొమ్మకు అవతలి వైపు ఏటవాలుగా, మెల్లగా. వారాల తరబడి వదిలేసిన టేప్ ఎలా తీసినా చింపుతుంది. అందుకని పెన్సిల్ వారం వేసిన టేప్ రంగు వారం తర్వాత పీరియడ్ దాటకుండా చూసుకోండి.